తెల్ల లెహంగా, అమ్మ చీటీ, 12 రోజుల మౌనం

ప్రశ్న: మేడమ్, నాకు 26 ఏళ్లు. మాది గుంటూరు బ్రాడీపేట, ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. మాఘమాసంలో నా పెళ్లి, అబ్బాయి వాళ్ళది విజయవాడ. నిశ్చితార్థం అయిన దగ్గర్నుంచి రోజూ రాత్రి రెండింటి దాకా పెళ్లి షోలు, బ్రైడల్ రీల్స్ చూస్తూనే ఉన్నా, ఫోన్లో 1,400 స్క్రీన్‌షాట్లు ఉన్నాయి, ఈ వారం నచ్చింది వచ్చే వారం నచ్చట్లేదు. చివరికి ఐవరీ కలర్ లెహంగా ఫిక్స్ అయ్యా, నా జీతంతోనే కొనుక్కుంటానన్నా. అమ్మ "తెల్లబట్ట కట్టుకుని పీటల మీద కూర్చుంటావా, నలుగురూ ఏమనుకుంటారు" అంది. నేను కోపంలో "నీకేం తెలుసు ఫ్యాషన్ గురించి" అనేశా. 12 రోజులైంది, మా మధ్య మాటల్లేవు, నాన్న మధ్యలో నలిగిపోతున్నారు. నాకోసం అమ్మ మూడేళ్లుగా కంచి పట్టుచీర కోసం చీటీ కడుతోందని మొన్న అక్క చెప్పింది. పెళ్లి అన్న సంతోషమే పోయింది. ఏం చెయ్యాలి?

జవాబు:

అమ్మాయ్, నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. లెహంగా గురించి ఎంతో రాశావు, చీటీ గురించి చివర్లో ఒక్క లైన్ రాసి వదిలేశావు, కానీ నిన్ను రాత్రిళ్ళు నిద్ర పోనివ్వనిది ఆ ఒక్క లైనే అని నాకనిపిస్తోంది. దాని దగ్గరికి వస్తాను, ముందు ఆ 1,400 స్క్రీన్‌షాట్ల సంగతి మాట్లాడుకుందాం.

చూడటం తప్పు కాదు. పెళ్లి కుదిరిన ఆడపిల్ల పదిమంది పెళ్లికూతుళ్ళని చూడాలనుకోవడం ఇవాళ కొత్తగా వచ్చింది కాదు, మీ అమ్మగారి రోజుల్లో కూడా ఎవరింట్లో పెళ్లయినా వెళ్ళి ఆ చీర అంచు పట్టుకుని చూసి, ఎక్కడ కొన్నారు, ఎంతైంది, జరీ ఏ రకం అని అడిగి వచ్చేవాళ్ళు. తేడా అల్లా ఇక్కడే ఉంది. వాళ్ళు చూసిన చీరకి ధర తెలుసు, బరువు తెలుసు, దాన్ని ఎవరు పెట్టారో తెలుసు. నువ్వు చూస్తున్న దాంట్లో అవేవీ లేవు, బొమ్మ ఒక్కటే ఉంది, అందుకే వారం తిరిగేసరికి మనసు మారిపోతోంది. దానికి నిన్ను నువ్వు తిట్టుకోకు.

ఈ లేత రంగుల సంగతే చూడు. 2017 డిసెంబర్‌లో బాలీవుడ్ నటి అనుష్క శర్మ ఇటలీలో డిజైనర్ సబ్యసాచి చేసిన లేత గులాబీ లెహంగాలో పెళ్లి చేసుకున్నాక మన దగ్గర కూడా పేస్టల్ రంగులు బాగా పాకాయి, ఆ ఫోటోలు ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. బాగున్నాయి, కాదనను. కానీ అవి ఆరుబయట, చుట్టూ చెట్లు, పగటి వెలుతురులో తీసినవి. మన ముహూర్తాలేమో ఎక్కువగా రాత్రి పూట, కల్యాణ మండపంలో, వీడియో వాళ్ళు మొహం మీదే పెట్టే ఫోకస్ లైట్ల కింద, వెనకాల బంతిపూలు, పక్కన పసుపు, కుంకుమ, ఎర్ర అంచు పంచెలు. ఆ వెలుతురులో ఐవరీ రంగు చాలాసార్లు పాలిపోయి కనిపిస్తుంది. షాపులో తెల్లటి ఎల్ఈడీ లైట్ల కింద చూసి నిర్ణయించుకోకు, బట్టని గుమ్మం దగ్గరికి తెచ్చి ఎండలో ఒకసారి, పసుపు బల్బు కింద ఒకసారి చూడు. మన పెద్దవాళ్ళు చీర కొనేటప్పుడు వీధి గుమ్మం దాకా ఎందుకు వచ్చేవాళ్ళో అప్పుడు నీకే తెలుస్తుంది.

నువ్వు చూసే షోల్లో న్యూయార్క్‌లోని క్లెయిన్‌ఫెల్డ్ అనే పెళ్లి గౌన్ల షాపులో తీసే 'సే యెస్ టు ద డ్రెస్' ఉండే ఉంటుంది, 2007 నుంచీ వస్తోంది కదా. దాంట్లో నేర్చుకోవాల్సింది ఒకటుంది, నువ్వు గమనించావో లేదో, గౌన్లు తీసే ముందు అక్కడ పనిచేసే అమ్మాయిలు పెళ్లికూతుర్ని బడ్జెట్ ఎంత అని అడుగుతారు, నీతో ఎవరొచ్చారు అని అడుగుతారు. మన ఇళ్ళల్లో ఈ రెండు ప్రశ్నలూ చివర్లో వస్తాయి, అదీ గొడవ అయ్యాక. నువ్వు కూడా ముందు లెహంగా చూపించి తర్వాత "నా జీతంతోనే" అన్నావు. అమ్మ చెవికి అది డబ్బు లెక్కలా వినపడి ఉండదు, "ఇందులో నీ పనేం లేదు" అన్నట్టు వినపడి ఉంటుంది.

ఇంకో మాట, ఆ షోలో కనిపించే తెల్ల గౌను 1840లో విక్టోరియా రాణి తెల్ల డ్రెస్సులో పెళ్లి చేసుకున్న తర్వాత బాగా వ్యాపించిన అలవాటు, అంతకు ముందు అక్కడి పెళ్లికూతుళ్ళు రకరకాల రంగులు వేసుకునేవాళ్ళు. మన దగ్గర పెళ్లిలో తెలుపుకి వేరే కథ ఉంది. మీరిద్దరూ 12 రోజులుగా మర్చిపోయింది అదే.

మధుపర్కాలు గుర్తున్నాయా? ఆనవాయితీ ఇంటింటికీ మారుతుంది కానీ మన వైపు చాలా ఇళ్ళల్లో జీలకర్ర బెల్లం అయ్యాక పెళ్లికూతురు లేచి వెళ్ళి ఎర్ర అంచు తెల్ల మధుపర్కం కట్టుకుని వస్తుంది, పుస్తె కట్టేటప్పుడు, తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఒంటి మీద ఉండేది అదే. అంటే నీ మెడలో మూడు ముళ్ళు పడే నిమిషంలో నువ్వు లెహంగాలో ఉండవు, అమ్మ కొనే కంచిపట్టులో కూడా ఉండవు. మీరు గొడవ పడుతున్న రెండు బట్టలూ దానికి ముందువో తర్వాతవో. ఆ మధుపర్కం గురించి ఇంతవరకు మీ ఇంట్లో ఎవరూ ఒక్క మాట కూడా అనుకుని ఉండరు, పురోహితులు ఇచ్చే లిస్టులో పసుపు కొమ్ముల పక్కన రాసేసి చివరి రోజు తెప్పించేస్తారు, అది కాస్తా గంజి పెట్టిన అట్టలాగా ఉంటుంది.

మన తెనాలిలో పుట్టిన నటి శోభిత ధూళిపాళ 2024 డిసెంబర్ 4న అన్నపూర్ణ స్టూడియోస్‌లో పెళ్లి చేసుకున్నప్పుడు బంగారు రంగు కంచిపట్టు కట్టుకుంది, దానితో పాటు పొందూరు ఖద్దరులో ఎర్ర అంచు తెల్లచీర కూడా శ్రద్ధగా చేయించుకుంది. పొందూరు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నీకు అంత దూరం కూడా అక్కర్లేదు. మీ గుంటూరుకీ అత్తగారి విజయవాడకీ మధ్యలోనే మంగళగిరి ఉంది, మగ్గం మీద నేసిన నూలుచీరలకి పేరున్న ఊరు. అమ్మని తీసుకుని అక్కడికి వెళ్ళి, చేతికి మెత్తగా తగిలే తెల్ల నూలుచీర, నీకు నచ్చిన వెడల్పులో ఎర్ర అంచుతో దొరుకుతుందేమో అడుగు, లేకపోతే నేయించడానికి ఎన్ని రోజులు పడుతుందో అడుగు. నీకు కావాల్సిన తెలుపు అది. అమ్మకి ఇష్టమైన తెలుపు కూడా అదే. అమ్మ భయమంతా అంచు లేని తెలుపు గురించి, పసుపు తగలని తెలుపు గురించి, ఆవిడ తరంలో ఆ తెలుపుని ఎవరు కట్టుకునేవాళ్ళో ఆవిడ కళ్ళారా చూసింది. "నలుగురూ ఏమనుకుంటారు" అన్న మాట వెనకాల "నా కూతురికి ఏమీ కాకూడదు" అన్న మాట ఉంది, ఆవిడకి అలా చెప్పడం రాలేదంతే.

మరి లెహంగా? వద్దని నేను చెప్పను, నీ కష్టార్జితం, నీ ఇష్టం. రిసెప్షన్‌కి వేసుకో, నిలబడి ఫోటోలు దిగేదానికి అది బాగుంటుంది. పీటల మీదకి మాత్రం నేనూ వద్దంటాను, దానికి కారణం రంగు కాదు. మా మేనకోడలు పెళ్లిలో కాన్‌కాన్, అంటే లోపల గట్టి నెట్టు, వేసిన లెహంగాతో పీటల మీద కూర్చుంది, బాసింపట్టు వేసుకుని కూర్చునేసరికి ఆ నెట్టంతా బుట్టలాగా పైకి లేచింది, ఎదురుగా హోమం. వాళ్ళ అక్క, పెళ్లి అయ్యేంతవరకు పక్కనే మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ఆ కుచ్చెళ్ళని నిప్పుకి దూరంగా పట్టుకుని ఉంది, చెల్లి పెళ్లి ఆ పిల్ల కంటితో చూడలేదు, చూపంతా ఆ నిప్పు మీదే. సింథటిక్ నెట్ నిప్పురవ్వ తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది, పట్టు, నూలు అలా అంటుకోవు. కాబట్టి ఏది కొన్నా ట్రయల్ రూమ్‌లో అద్దం ముందు నిలబడి చూసుకుని వచ్చేయకు, కింద బాసింపట్టు వేసుకుని ఓ పావుగంట కూర్చో, వంగు, చేతులు పైకెత్తు, దండ వెయ్యాలి కదా.

ఇక చీటీ. మూడేళ్ల క్రితం నీకు సంబంధాలు కూడా చూడటం మొదలుపెట్టి ఉండరు. అప్పటి నుంచి నెలనెలా ఇంటి ఖర్చుల్లోంచి తీసి కట్టింది, నీకు చెప్పలేదు, బహుశా మీ నాన్నగారికి కూడా మొదట్లో చెప్పి ఉండదు. ఆ చీరని ఆవిడ మూడేళ్లుగా మనసులో కొంటూనే ఉంది తల్లీ, రంగు మార్చి మార్చి, అంచు మార్చి మార్చి, అచ్చం నువ్వు స్క్రీన్‌షాట్లు తీసుకున్నట్టే. తన దగ్గర ఫోన్ లేదు, చీటీ పుస్తకం ఉంది. "నీకేం తెలుసు ఫ్యాషన్" అన్న మాట సరిగ్గా అక్కడ తగిలింది.

క్షమాపణ చెప్పడానికి పెద్ద మాటలు వెతుక్కోకు, వెళ్ళి "అమ్మా, చీటీ ఎప్పుడు మొదలుపెట్టావు, నాకోసం ఏ రంగు అనుకున్నావు?" అని అడుగు. అడిగి ఊరుకో. మధ్యలో నీ లెహంగా తేవద్దు, "అక్క చెప్పింది" అని అక్కని ఇరికించొద్దు. ఆవిడ ముందు విసుక్కుంటుంది, "ఇప్పుడెందుకులే" అంటుంది, అయినా అక్కడే కూర్చో. చెప్పడం మొదలుపెట్టాక చాలాసేపు చెప్తుంది చూడు.

తర్వాత ఇద్దరూ కలిసి ఆ 1,400 ఫోటోలు చూడండి. ఒక్కతివే రాత్రి రెండింటికి కాదు, పగలు, అమ్మ పక్కన, అక్కని కూడా పిలువు. పది ఉంచి మిగతావన్నీ తీసేయండి. ఆ పదింటిలో మళ్ళీ మళ్ళీ వచ్చేది ఏంటో చూడు. అది లెహంగా కాకపోవచ్చు, బ్లౌజ్ మెడ కావచ్చు, ఒంటి మీద నగలు తక్కువ ఉండటం కావచ్చు, పూలజడ కావచ్చు. చాలామంది అమ్మాయిలు పేస్టల్ కావాలి అంటారు గానీ వాళ్ళకి నిజంగా కావాల్సింది నగల బరువు తగ్గడం. వడ్డాణం, అరవంకీ, కాసులపేరు, జడగంటలు అన్నీ ఒకేసారి మోయలేమని భయం. అదే నీ సంగతైతే అమ్మకి ఆ మాటే చెప్పు, నగలు తగ్గించడానికి ఆవిడ ఒప్పుకోవచ్చు.

కంచిపట్టు కొనేటప్పుడు నువ్వు తప్పకుండా వెళ్ళు, విజయవాడ వన్‌టౌన్ అయినా, మీ గుంటూరులోనే అయినా, కంచి దాకా వెళ్ళినా. సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందేమో చూడు, అది పట్టు అసలుదని చెప్తుందే గానీ జరీ గురించి చెప్పదు. జరీ విడిగా అడగాలి. అసలు జరీ అంటే ఎర్ర పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత వేసింది, విడి పోగుని గోటితో గీరితే లోపల ఎర్రగా కనపడుతుంది. ఒళ్ళు ఒక రంగు, అంచు ఒక రంగు వేరు వేరు నాడెలతో నేస్తూ మగ్గం మీదే కలిపే కొర్వై చీర అయితే ఆ కలిసే గీత దగ్గర తిరగేసి చూడు, పని అక్కడ తెలుస్తుంది. లేత రంగు ఒంటికి ముదురు ఎరుపు అంచు వేసినవి కూడా ఉంటాయి, నీ ఐవరీ, అమ్మ ఎరుపు ఒకే చీరలో దొరకచ్చు, దొరక్కపోతే ఈసారికి రంగు అమ్మకి వదిలెయ్, బ్లౌజ్ నీది. మగ్గం వర్క్ వాళ్ళకి మాఘం ముహూర్తాలు దగ్గర పడితే ఊపిరి తీసుకునే టైం కూడా ఉండదు, ఇప్పుడే ఇచ్చెయ్, రెండు పక్కలా కుట్టులో మార్జిన్ వదలమను, పెళ్లినాటికి నువ్వు చిక్కినా ఒళ్ళు చేసినా ఇబ్బంది ఉండదు.

చివరగా ఒకటి అడుగుతాను, జవాబు నాకు చెప్పక్కర్లేదు. ఏ బట్టా నచ్చకపోవడం నిజంగా బట్ట గురించేనా, లేక ఇల్లు వదిలి వెళ్ళడం గురించా, ఆ అబ్బాయి గురించి ఏదైనా అనుమానమా? ఇల్లు వదలడం గురించి అయితే దానికి ఏడుపు రావడం మామూలే, అమ్మ దగ్గరే ఏడువు. అబ్బాయి గురించి అయితే కార్డులు పంచకముందే నాన్నగారితో నోరు విప్పి మాట్లాడు, అది బట్టల కింద దాచే విషయం కాదు. ఇది కాక నిద్ర ఇలాగే పడుతూ పడకుండా ఉండి పనిలో కూడా మనసు నిలవకపోతే 14416కి ఫోన్ చెయ్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి ప్రభుత్వం వాళ్ళు పెట్టిన టెలి మానస్ నంబర్, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

ఈ రాత్రికి ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టేసి పడుకో. రేపు పొద్దున్న అమ్మ కాఫీ కలుపుతున్నప్పుడు వంటింట్లోకి వెళ్ళి గట్టు దగ్గర నిలబడు, నాన్న లేవకముందే. రంగు ఏదనుకుందో అడుగు.