డిస్కులు మార్చే ముందు కొలిపించండి

బండి సంగతులు – పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రేకుల అదురు గురించే. చెన్నైలో వానలు వెలిసి, జనం తిరుమల వెళ్ళొచ్చాక ఏటా ఇదే వరస. అందుకని ఏసీ ప్రశ్నలు, మైలేజీ ప్రశ్నలు వచ్చే నెలకు వాయిదా వేశాను.

ప్రశ్న: మాది 2018 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. 60 వేల కిలోమీటర్లు దాటింది. బ్రేకులు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. పోయిన నెల అమ్మానాన్నల్ని తీసుకుని తిరుమల వెళ్ళాం. కొండ దిగి పుత్తూరు దాటాక 80లో ఉండగా బ్రేక్ వేస్తే స్టీరింగ్ గడగడా అదిరింది. స్పీడు 40కి దిగితే ఏమీ ఉండదు. బ్రేక్ వేయకపోతే బండి హాయిగా పోతుంది. సర్వీస్ సెంటర్‌లో ఓ రౌండు నడిపి చూసి, డిస్కులు బెండయ్యాయి, డిస్కులూ ప్యాడ్లూ వీల్ బేరింగులూ మార్చాలన్నారు. మార్పించమంటారా? ఈ మధ్య రిపేర్లేవీ చేయించలేదు. దసరా ముందు టైర్లు మాత్రం ముందువి వెనక్కి, వెనకవి ముందుకి వేయించాను. తర్వాత ఓ నాలుగు వేలు తిరిగి ఉంటుంది.
– ఓ పాఠకుడు, అన్నానగర్

జవాబు: ఇప్పుడే మార్పించకండి. టైర్ల సంగతి చివర్లో తేలిగ్గా రాశారు గానీ, సగం జవాబు అందులోనే ఉంది.

ముందు బండి ఏం చెబుతోందో చూద్దాం. అదురు బ్రేక్ వేసినప్పుడే వస్తోంది, వదిలితే పోతోంది. కాబట్టి వీల్ బ్యాలెన్సింగ్ మీద అనుమానం అక్కర్లేదు. చేతుల్లో తెలుస్తోంది కాబట్టి తేడా ముందు చక్రాల్లో. వెనక డ్రమ్ములదైతే సీటు కిందా, పెడల్ మీదా తెలిసేది. ఇక 80లో ఉన్నది 40లో ఎందుకు లేదంటారా? మీ బండి చక్రం 80 స్పీడులో సెకనుకు దాదాపు 12 చుట్లు తిరుగుతుంది. ప్రతి చుట్టులో డిస్క్ మీద ప్యాడ్ పట్టు ఒకచోట బిగిసి ఒకచోట సడలుతుంటే స్టీరింగ్‌కి సెకనుకు 12 కుదుపులు అందుతాయి. చాలా కార్లలో స్టీరింగూ సస్పెన్షనూ బాగా ఊగేది ఆ వేగంతో కుదుపులు అందినప్పుడే. 40లో కుదుపులు సగమే కాబట్టి చేతికి అందవు.

పట్టు అలా మారడానికి డిస్క్ పళ్ళెంలా వంకర పోవాల్సిన పనిలేదు. పోత ఇనుముతో చేసిన డిస్క్ అంత తేలిగ్గా వంగదు కూడా. ఎక్కువ సార్లు జరిగేది ఏమిటంటే డిస్క్ మందం చుట్టూ ఒకేలా లేకపోవడం. 0.01, 0.02 మిల్లీమీటర్ల తేడా ఉన్నా చేతికి తెలుస్తుంది. వెంట్రుక మందంలో నాలుగో వంతో ఐదో వంతో అనుకోండి. దాన్ని కంటితో చూసి, ఓ రౌండు నడిపి తేల్చేవాళ్ళంటే నాకు నమ్మకం లేదు.

ఆ తేడా ఎలా వచ్చిందన్న దానికి మీ విషయంలో రెండు దారులున్నాయి. మొదటిది టైరు షాపు. టైర్లు మార్చే కుర్రాడు ఎయిర్ గన్ పెట్టి నట్లను వరసగా ఒకదాని తర్వాత ఒకటి టర్రుమని బిగించేస్తాడు. ఒక నట్టు విపరీతంగా బిగుస్తుంది, పక్కది కాస్త తక్కువ. దాంతో డిస్క్ హబ్ మీద, అంటే చక్రాన్ని బిగించే మధ్య భాగం మీద, సమంగా కూర్చోక పిసరంత ఒరుగుతుంది. ఆరోజే ఏమీ తెలీదు. ఒరిగిన డిస్క్ బ్రేక్ వేయనప్పుడు కూడా ప్రతి చుట్టులో ఒకేచోట ప్యాడ్‌ని రాసుకుంటూ పోతుంది. అక్కడ అరుగుతుంది. కొన్ని వేల కిలోమీటర్లయ్యాక మందంలో తేడా పడి అదురు మొదలవుతుంది. మీ నాలుగు వేల లెక్క దీనికి సరిపోతుంది.

రెండోది కొండ. తిరుమల నుంచి దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరకూడదని నియమం. కొందరు గేరు పెద్దది వేసుకుని, మలుపు మలుపుకీ బ్రేక్ తొక్కుతూ గబగబా దిగేస్తారు. ఇంకా టైము కాలేదని చివర్లో రోడ్డు పక్కన ఆపుకొని, బ్రేక్ మీద కాలు అలాగే ఉంచి ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. కాలిపోతున్న డిస్క్‌ని ప్యాడ్ ఒకేచోట నొక్కి పట్టుకుంటే ప్యాడ్ పదార్థం అక్కడ అంటుకుపోతుంది. చక్రం విప్పి చూస్తే ప్యాడ్ ఆకారంలో నల్లటి మచ్చ కనిపిస్తుంది. బాగా కాలితే నీలంగా కూడా ఉంటుంది. మీరు అలా దిగారో లేదో నాకు తెలీదు, మీ నాన్నగారిని అడగండి, పక్క సీట్లో ఉన్నవాళ్ళకు బాగా గుర్తుంటుంది.

ఇప్పుడు చేయించాల్సింది. చక్రం విప్పించి డిస్క్ కూడా ఊడదీయించండి. డిస్క్ వెనక వైపునా, అది కూర్చునే హబ్ ముఖం మీదా తుప్పు పొలుసులుంటాయి. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో ఉండకపోతే ఆశ్చర్యం. వాటిని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమించండి. డిస్క్ తిరిగి పెట్టాక నట్లు బిగించి డయల్ గేజ్ (సన్నని ఊగుడుని ముల్లుతో చూపే కొలత పరికరం) పెట్టి డిస్క్‌ని చేత్తో తిప్పమనండి. ముల్లు ఊగేది 0.05 మిల్లీమీటర్ల లోపు ఉంటే చాలా బళ్ళకు మంచిదే. మీ బండికి ఎంతన్నది కంపెనీ సర్వీస్ మాన్యువల్లో ఉంటుంది. ఎక్కువ ఊగితే డిస్క్‌ని ఒక నట్టు జరిపి పెట్టి మళ్ళీ చూడాలి. కొన్నిసార్లు అంతటితోనే సగానికి సగం తగ్గుతుంది. తర్వాత మైక్రోమీటర్‌తో చుట్టూ ఎనిమిది చోట్ల మందం కొలిపించి కాగితం మీద రాయించుకోండి. ఉండాల్సిన కనీస మందం డిస్క్ మీదే చెక్కి ఉంటుంది.

మచ్చలు మాత్రమే ఉండి మందం బాగుంటే, ఖాళీ రోడ్డు మీద వెనక బళ్ళు లేనప్పుడు 60 నుంచి 15 దాకా కాస్త గట్టిగా, కానీ పూర్తిగా ఆపకుండా బ్రేక్ వేసి, మళ్ళీ వేగం అందుకుని, పది పన్నెండు సార్లు చేయండి. తర్వాత ఎక్కడా ఆగకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వండి. తేలికపాటి మచ్చలు దీనికే పోతాయి. మందంలో తేడా ఉండి కనీసానికి పైన మిగులుంటే లేత్ పట్టించవచ్చు. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో బండి మీద ఉండగానే డిస్క్ చెక్కే మిషన్ ఎవరి దగ్గరుందో మీ మెకానిక్‌ని అడగండి, ఆ పద్ధతిలో హబ్ తేడా కూడా కలిసి సరి అవుతుంది. కనీసానికి దగ్గరపడితే మాత్రం లేత్ దండగ, రెండు వైపులా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేయించండి.

ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే క్యాలిపర్ పిన్నులు చేత్తో నెడితే జారుతున్నాయో లేదో చూడమనండి. బిగుసుకుపోయిన పిన్ను ఉన్నవైపు లోపలి ప్యాడ్, బయటి ప్యాడ్ వేరువేరుగా అరిగి ఉంటాయి. పిన్నులకు మామూలు గ్రీజు పూస్తే రబ్బరు ఉబ్బుతుంది, బ్రేకులకని అమ్మేదే పూయాలి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ రబ్బరు బుష్‌లు చీలి ఉంటే చిన్న అదురు కూడా పెద్దదవుతుంది, అవీ చూడమనండి.

బేరింగుల మాటకొస్తే, జాకీ మీద ఉన్నప్పుడు చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే కదలిక లేదు, తిప్పితే గరగర లేదు, రోడ్డు మీద గుయ్యిమనే మోత లేదు అంటే వాటి జోలికి ఎందుకెళ్ళడం? ఆ డబ్బుతో ఒక టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించాలో అంకె పెట్టుకునే పానా) కొనుక్కోండి. మాన్యువల్లో ఉన్న అంకె పెట్టి, ఎదురెదురు నట్లను మార్చి మార్చి బిగించుకోవచ్చు. ఇకమీదట టైరు షాపులో కూడా గన్‌తో సగమే బిగించమని, మిగతాది మీ రెంచ్‌తో మీరే బిగించండి. ఆ కుర్రాడు నవ్వితే నవ్వనివ్వండి.

ప్రశ్న: తుఫాను అన్నారని కారు తీసుకెళ్ళి అందరితో పాటు వేళచ్చేరి ఫ్లైఓవర్ మీద పెట్టాం. నాలుగు రోజులయ్యాక తీస్తే మొదటి బ్రేక్‌కే కరకరమంది, కాలి కింద తడబడింది. బ్రేకులు పోయాయని భయంగా ఉంది.
– ఓ గృహిణి, వేళచ్చేరి

జవాబు: భయపడకండమ్మా. తడిసిన డిస్క్ ఒక్క రాత్రికే ఎర్రబారుతుంది. ప్యాడ్ కప్పిన చోట ఒకలా, మిగతా చోట ఒకలా తుప్పు పడుతుంది. వీధుల్లో నెమ్మదిగా నడుపుతూ ఓ ఇరవై ముప్పై సార్లు బ్రేక్ వేస్తే రాలిపోతుంది. వారం తర్వాత కూడా తడబాటు ఉంటే చక్రాలు విప్పించండి. నీళ్ళు చక్రం మధ్యదాకా వచ్చిన బండి అయితే సంగతి వేరు. అప్పుడు వెనక డ్రమ్ములు విప్పి బురద కడిగించి, బేరింగులు చూపించాల్సిందే. ఈసారి వానలకు అక్కడ పెట్టినప్పుడు హ్యాండ్‌బ్రేక్ లాగి రోజుల తరబడి వదిలేయకండి, లైనర్లు డ్రమ్ముకి అతుక్కుంటాయి. గేరులో ఉంచి చక్రం కింద రాయి పెడితే చాలు.

ప్రశ్న: నాకు స్టీరింగ్‌లో ఏమీ లేదు. బ్రేక్ వేస్తే సీటు వణుకుతుంది, పెడల్ కొట్టుకుంటుంది. శ్రీపెరుంబుదూరుకి రోజూ హైవే మీద పోతాను.
– ఓ ఇంజినీరు, పోరూరు

జవాబు: వెనక డ్రమ్ము గుండ్రం తప్పి ఉండొచ్చు. తేల్చుకోవడం తేలిక. ఎవరూ లేని తిన్నటి రోడ్డు మీద, తడి లేనప్పుడు, 40లో పోతూ హ్యాండ్‌బ్రేక్ మీట బటన్ నొక్కి పట్టుకునే కొద్దికొద్దిగా లాగండి. కాలి బ్రేక్ వేయకుండానే సీటు వణికితే తప్పు వెనకే. మీటను గట్టిగా గుంజొద్దు, బండి తిరిగిపోతుంది. మీటకు బదులు స్విచ్ ఉన్న కార్లలో ఇది అసలు చేయొద్దు. హైవే దిగి, వేడి మీదున్న డ్రమ్ములకు హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి వదిలేసే అలవాటుంటే మానండి. డ్రమ్ము లేత్ పట్టించవచ్చు. దానికి గరిష్ఠ వ్యాసం చెక్కి ఉంటుంది, అది దాటకూడదు.

ప్రశ్న: వానలో జి.ఎస్.టి. (గ్రాండ్ సదరన్ ట్రంక్) రోడ్డు మీద ఉన్నట్టుండి బ్రేక్ తొక్కితే పెడల్ టకటకా తన్నింది.
– ఓ విద్యార్థి, తాంబరం

జవాబు: అది ఏబీఎస్ పనిచేయడం. చక్రం జారకుండా బ్రేక్‌ని క్షణాల్లో పట్టి వదులుతుంటుంది. భయపడి కాలు తీయకండి, గట్టిగా తొక్కే ఉంచండి. పొడి రోడ్డు మీద, మెల్లగా ఆపుతున్నప్పుడు, సరిగ్గా బండి నిలబడే ముందు అలా తన్నితే మాత్రం చక్రం దగ్గరున్న స్పీడు సెన్సారో, దాని రింగో తుప్పు పట్టి ఉంటుంది. స్కానర్ పెట్టి నాలుగు చక్రాల స్పీడు పక్కపక్కన చూస్తే ఏ చక్రానిదో దొరికిపోతుంది.

ప్రశ్న: పుదుప్పేటలో నా బండికి సరిపోయే సెకండ్‌హ్యాండ్ డిస్కులు సగం ధరకు ఇస్తామన్నారు. కొనొచ్చా?
– ఓ పాఠకుడు, ట్రిప్లికేన్

జవాబు: పుదుప్పేటలో అద్దం కొనండి, డోర్ హ్యాండిల్ కొనండి, బంపర్ కొనండి. డిస్క్ మాత్రం వద్దు. ఎంత అరిగిందో, ఎన్నిసార్లు లేత్ పట్టిందో, ఏ నీళ్ళలో మునిగిందో చెప్పేవాడుండడు. అడుగు దూరంలో ఉన్న జనరల్ పేటర్స్ రోడ్డుకి వెళ్ళి బిల్లుతో కొత్త జత కొనండి. కొత్త డిస్క్ మీద తుప్పు పట్టకుండా నూనె పూసి ఉంటుంది, బిగించే ముందు బ్రేక్ క్లీనర్‌తో తుడిపించడం మరవకండి. పైన అన్నానగర్ పాఠకుడికి చెప్పిన 60 నుంచి 15 పద్ధతే కొత్త ప్యాడ్లను కుదర్చడానికీ పనికొస్తుంది, కాకపోతే మీరు మెత్తగా వేయండి. తెల్లవారుజామున ఈసీఆర్‌ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) ఖాళీగా ఉంటుంది.