దేశం మీద మాట పడితే సరిదిద్దే ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి నల్గొండలో బీఏ రెండో సంవత్సరం చదువుతోంది. విదేశాల్లో మన దేశం మీద ఉన్న చెడు అభిప్రాయాలను పోగొట్టే పని చేస్తానని పట్టుబడుతోంది. అలాంటి ఉద్యోగం నిజంగా ఉందా? ఏం చదివించాలి? దేశాలు తిరిగే ఉద్యోగం ఆడపిల్లకు ఎలా కుదురుతుందో అని ఇంట్లో అందరికీ బెంగగా ఉంది.

జవాబు: ఉందండీ. దీన్ని పబ్లిక్ డిప్లొమసీ, అంటే ప్రజా దౌత్యం అంటారు. ప్రభుత్వాలు తమలో తాము మాట్లాడుకోవడంతో సరిపెట్టకుండా, అవతలి దేశపు విద్యార్థులతో, పత్రికలతో, కళాకారులతో, మామూలు జనంతో సంబంధాలు పెంచుకోవడమే ఈ పని. మన విదేశాంగ శాఖలో దీనికి ఒక విభాగమే ఉంది. 1950లో మౌలానా ఆజాద్ చొరవతో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలి విదేశీ విద్యార్థులకు ఉపకారవేతనాలిచ్చి ఇక్కడ చదివిస్తోంది. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద ఎన్నో దేశాల ఉద్యోగులు శిక్షణ కోసం హైదరాబాద్‌కే వస్తుంటారు.

కోర్సుల సంగతి చెప్పే ముందు, ఈ పని స్వభావం గురించి మీ అమ్మాయితో ఒక మాట చెప్పాలి. దీన్ని ప్రచారమని అనుకుని వచ్చేవాళ్లు త్వరగా నిరాశపడతారు. 2001 సెప్టెంబరు దాడుల తర్వాత అమెరికా, ప్రకటనల రంగంలో పేరుమోసిన షార్లెట్ బీర్స్‌కు ఈ బాధ్యత అప్పగించింది. తమ దేశంలో ముస్లింలు ఎంత నిశ్చింతగా బతుకుతున్నారో చూపే టీవీ ప్రకటనలు తయారయ్యాయి. వాటిని చూపించాలనుకున్న ముస్లిం దేశాల్లో కొన్నిచోట్ల టీవీ సంస్థలు ప్రసారం చేయడానికే ఒప్పుకోలేదు. కొద్ది నెలల్లో ఆ ప్రయత్నం ఆగిపోయింది, 2003 మార్చిలో ఆమె తప్పుకున్నారు. అక్కడి జనానికి కోపం అమెరికా విధానాల మీద. ఇరాక్ యుద్ధానికి సన్నాహాలు జరుగుతుండగా ఎంత అందమైన ప్రకటనైనా ఆ కోపాన్ని ఎలా తగ్గిస్తుంది?

జపాన్ అనుభవం చదవమనండి. 1974 జనవరిలో ప్రధాని తనాకా ఆగ్నేయాసియా పర్యటనకు వెళ్తే బ్యాంకాక్‌లో విద్యార్థులు నిరసనలతో ఎదురయ్యారు. జకార్తాలో అల్లర్లు చెలరేగి జపాన్ కార్లు తగలబడ్డాయి. విమానాశ్రయానికి ఆయన్ను హెలికాప్టర్లో చేర్చాల్సి వచ్చింది. ఇండోనేసియా జనం కోపంలో సొంత ప్రభుత్వం మీద అసంతృప్తి కూడా ఉంది, కాదనలేం. కానీ రెండో ప్రపంచ యుద్ధకాలపు జపాన్ ఆక్రమణ జ్ఞాపకాలు మాసిపోకముందే జపాన్ కంపెనీలు తమ మార్కెట్లను కమ్మేస్తున్నాయన్న బాధ నిజమైనది. ఆ బాధకు జవాబు విధానంలోనే వెతికారు. 1977 ఆగస్టులో మనీలాలో ప్రధాని ఫుకుదా మాట్లాడుతూ, జపాన్ మళ్లీ సైనికశక్తి కాబోదని, ఈ దేశాలతో సమాన భాగస్వామిగా, మనసు విప్పి మెలుగుతుందని మాట ఇచ్చారు. ఆ మాట వెనుక పనీ నడిచింది. విదేశాలతో సాంస్కృతిక సంబంధాల కోసం 1972లోనే జపాన్ ఫౌండేషన్ ఏర్పడింది. జపాన్, ఆగ్నేయాసియా యువతీయువకులు ఒకే ఓడలో కలిసి ప్రయాణించే కార్యక్రమం 1974లో మొదలైంది. అభివృద్ధి సాయం పెరిగింది. ఫలితం కనపడటానికి దశాబ్దాలు పట్టింది. అదే జపాన్ పట్ల కొరియాలో, చైనాలో యుద్ధకాలపు గాయాలు ఇంకా సలుపుతూనే ఉన్నాయి. పాత లెక్క తేలని చోట సంగీతం, సినిమా ఒక హద్దు దాటి పనిచేయవు.

అందుకే మీ అమ్మాయిని నేనడిగే మొదటి ప్రశ్న ఇది: మన దేశం గురించి విదేశీయుడు చేసిన విమర్శలో నిజం ఉంటే, ఉడుక్కోకుండా పూర్తిగా వినగలదా? విన్నది ఉన్నదున్నట్టు ఢిల్లీకి రాయగలదా? ఆ ఓర్పు లేనివాళ్లకు ఈ ఉద్యోగం సరిపడదని నా గట్టి నమ్మకం.

చదువు విషయానికి వస్తే, ఈ ఏడాదే ఒక విదేశీ భాష మొదలుపెట్టించండి. అరబిక్, రష్యన్, స్పానిష్ వంటివి హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో నేర్పుతారు. జర్మన్‌కు గోథే జెంట్రుమ్, ఫ్రెంచ్‌కు అలియాన్స్ ఫ్రాన్సేజ్ కూడా అక్కడే ఉన్నాయి. మూడు భాషల్లో పలకరింపులు నేర్చుకోవడం కంటే ఒక భాషలో దినపత్రిక చదివి చర్చించే స్థాయికి చేరడం మేలు. డిగ్రీ తర్వాత అంతర్జాతీయ సంబంధాల్లో ఎంఏకు ఢిల్లీ జేఎన్‌యూ మంచి చోటు.

ప్రధాన మార్గం సివిల్స్ రాసి ఐఎఫ్‌ఎస్, అంటే భారత విదేశాంగ సర్వీసులో చేరడం. 21 నుంచి 32 ఏళ్లలోపు ఆరుసార్లు రాయవచ్చు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపులున్నాయి. మెయిన్స్ తెలుగులో రాయవచ్చు, తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగా తీసుకోవచ్చు. ఎంపికైతే ఒక విదేశీ భాషను శాఖే తప్పనిసరిగా నేర్పిస్తుంది. పోస్టులు మాత్రం చాలా తక్కువ కాబట్టి దీనొక్కదాని మీదే బతుకంతా పెట్టవద్దు. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) డిగ్రీ చదివినవాళ్లకు నిర్వహించే సీజీఎల్ పరీక్షతో విదేశాంగ శాఖలో అసిస్టెంట్ సెక్షన్ ఆఫీసర్ కావచ్చు. వాళ్లకూ విదేశీ కార్యాలయాల్లో పోస్టింగులుంటాయి. భాష బాగా వస్తే అనువాదం, బోధన, మన దేశంలోని విదేశీ దౌత్య కార్యాలయాల్లో సాంస్కృతిక, పత్రికా విభాగాల ఉద్యోగాలు ఎటూ ఉంటాయి.

ఇక మీ బెంగ. 1949లో ఐఎఫ్‌ఎస్‌లో చేరిన తొలి మహిళ ముత్తమ్మ, మహిళా అధికారులు పెళ్లికి ప్రభుత్వం అనుమతి తీసుకోవాలన్న నిబంధన మీద సుప్రీంకోర్టుకెక్కారు. 1979లో తీర్పు వచ్చింది, ఆ నిబంధనా పోయింది. 2001లో నిరుపమా రావు విదేశాంగ శాఖకు తొలి మహిళా అధికార ప్రతినిధి అయ్యారు. అంటే మీ అమ్మాయి కోరుకుంటున్న పనే. తర్వాత చైనాలో రాయబారిగా, విదేశాంగ కార్యదర్శిగా కూడా పనిచేశారు. రెండుమూడేళ్లకో దేశం మారడం, పిల్లల బడులు మారడం కష్టమే. ఆ కష్టం మగవాళ్లకూ ఉంది. ముందు భాష తరగతిలో చేర్పించండి. ఏడాది తర్వాత కూడా ఆమెకు ఇంతే పట్టుదల ఉంటే, సివిల్స్ కోచింగ్ ఖర్చు గురించి అప్పుడు ఆలోచిద్దాం.