మీ బండి – మీ ప్రశ్న: గేరు బాక్సు మారింది, స్టీరింగు లివరు పాతదే

ప్రశ్న: మా తాతగారు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వేలంలో కొన్న 1964 నాటి షెవర్లె ఇంపాలా మా ఇంట్లో ఉంది. స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది, ఆటోమేటిక్ గేరు లివరు స్టీరింగు కిందే ఉంటుంది. రెండు గేర్ల పాత పవర్‌గ్లైడ్ బాక్సు పాడైపోతే దాని స్థానంలో మూడు గేర్ల టర్బో 350 బాక్సు వేయించాను. బాక్సు చక్కగా కూర్చుంది కానీ, లివరును డ్రైవులో పెడితే బండి కాస్త ఆలోచించి కదులుతోంది; ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను మోత పెరుగుతోందే తప్ప వేగం పెరగడం లేదు. ‘లో’ (తక్కువ గేరు) స్థానంలో పెట్టినా పెద్ద తేడా కనిపించడం లేదు. పార్కులో పెట్టి దిగితే, మా మిల్లు ముందున్న వాలులో జానెడు దూరం జరిగి టక్కున ఆగింది. లివరును బాక్సుకు కలిపే లింకేజీ రాడ్డును కొంచెం వంచితే సరిపోతుందని మెకానిక్కు అంటున్నాడు. స్టీరింగు లివరు పీకేసి ఫ్లోరులో లివరు పెట్టించుకోమని స్నేహితులు చెబుతున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: రాడ్డును వంచనివ్వకండి, ఫ్లోరు లివరూ మీకు అక్కరలేదు. అంతకంటే ముందు, ఈ పని పూర్తయ్యేదాకా బండిని రోడ్డెక్కించకండి.

మన ప్రాంతంలో స్టీరింగు గేరు అంటే అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని బండ్ల మీద చెయ్యి తిరిగిన మెకానిక్కులే ఎక్కువ. ఆ బండ్లలో లివరుకూ బాక్సుకూ లెక్క తప్పితే గేరు పడదు, పడినా ఊడిపోతుంది. కాబట్టి తప్పు ఎక్కడుందో చేతికి వెంటనే తెలుస్తుంది, రాడ్డును అటూ ఇటూ సవరించి చూసుకుంటూ పని కానిచ్చేయవచ్చు. ఆటోమేటిక్ బాక్సు ఇలా మొరాయించదు. దాని లోపల మాన్యువల్ వాల్వు అనే చిన్న కడ్డీ ఉంటుంది; మీరు లివరు కదిపినప్పుడు నిజంగా జరిగేది ఆ కడ్డీ ఒక రంధ్రం మూసి ఇంకో రంధ్రం తెరవడమే, ఆ దారిలోనే ఆయిలు ఒత్తిడి ఆయా క్లచ్చులకు చేరుతుంది. కడ్డీ సగం దూరంలో ఆగితే రంధ్రం సగమే తెరుచుకుంటుంది. బండి కదులుతుంది, కానీ క్లచ్చు ప్లేట్లు గట్టిగా పట్టుకోలేక జారుతూ వేడెక్కి మాడిపోతాయి. టర్బో 350లో ఫార్వర్డ్ క్లచ్చు అన్ని ముందు గేర్లకూ పనిచేయాలి కనుక, డ్రైవులో ఇలా జారితే ముందుగా బలయ్యేది అదే. మీరు చెప్పిన లక్షణాలన్నీ అటువైపే చూపిస్తున్నాయి. డిప్‌స్టిక్కు తీసి ఆయిలు చూడండి: ఎర్రగా ఉంటే సమయానికి మేలుకున్నారని అర్థం, గోధుమరంగుకు తిరిగి మాడు వాసన వస్తుంటే లింకేజీ సరిచేశాక బాక్సును కూడా విప్పి చూడవలసి ఉంటుంది.

పార్కు సంగతి ఇంకా తీవ్రమైనది. పార్కు గాడిలో పూర్తిగా పడని బాక్సు, ఇంజను నడుస్తుండగా అదిరి రివర్సులోకి జారితే, తలుపు తెరిచి దిగిన మనిషి మీదికే బండి వస్తుంది. 1966 నుంచి 1980 వరకు తయారైన ఫోర్డ్ ఆటోమేటిక్ బండ్లు పార్కు నుంచి రివర్సులోకి జారుతున్నాయన్న ఫిర్యాదుల మీద అమెరికా ప్రభుత్వ సంస్థ విచారణ జరిపింది. 1980 చివర్లో కుదిరిన ఒప్పందం ప్రకారం దాదాపు 2.3 కోట్ల మంది యజమానులకు హెచ్చరిక స్టిక్కర్లు పంపవలసి వచ్చింది. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆ తర్వాతే పార్కును నమ్మాలన్నది ఆ స్టిక్కరు సారాంశం. మీ మిల్లు వాలులోనూ అదే పాటించండి.

ఇక కొలతల విషయం. గాడులు ఉండేది బాక్సు లోపల. లివరు దగ్గర మెట్ల ప్లేటు ఒకటి ఉంటుంది. లివరును మీ వైపు లాగితే తప్ప పార్కులోకో రివర్సులోకో పోనివ్వనిది ఆ ప్లేటే. మీ ప్లేటు పవర్‌గ్లైడ్ కోసం చేసినది: పార్కు, రివర్సు, న్యూట్రల్, డ్రైవు, లో, మొత్తం ఐదు స్థానాలు. టర్బో 350కి ఆరు స్థానాలు: డ్రైవు తర్వాత రెండు, ఒకటి అని విడివిడిగా ఉంటాయి. పైగా ఒక స్థానం నుంచి మరో స్థానానికి తిరగవలసిన కోణం కూడా రెండు చోట్లా ఒకటే ఉంటుందని అనుకోవడానికి వీల్లేదు. రాడ్డు పొడవు మార్చినా, వంచినా మీరు ఒక్క స్థానాన్ని మాత్రమే కలపగలరు. మిగిలినవన్నీ ఆ మేరకు తప్పుతూనే ఉంటాయి. రాడ్డు వంచవద్దని చెప్పడానికి కారణం ఇదే.

బండిని చదునైన చోట నిలిపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనుక భాగాన్ని స్టాండ్ల మీద లేపి రాడ్డు ఊడదీయండి. జాకీ మీదే వదిలేసి కిందికి దూరవద్దు. బాక్సు పక్కనున్న సెలెక్టర్ ఆర్మ్‌ను (రాడ్డు తగిలించే, గేరు స్థానం మార్చే చిన్న చేయి) చేత్తో ఒక చివరికంటా తిప్పి, బాక్సు నుంచి వెనుక ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్టును రెండు వైపులా తిప్పి చూడండి. షాఫ్టు ఎటూ తిరగకపోతే అది పార్కు. ఇక్కడ చక్రాన్ని తిప్పి పరీక్షించకండి. డిఫరెన్షియల్ వల్ల ఒక చక్రం ముందుకూ రెండోది వెనక్కూ తిరిగి పార్కు పడలేదనిపిస్తుంది. పార్కు నుంచి ఒక్కో క్లిక్కుకూ వరుసగా రివర్సు, న్యూట్రల్, డ్రైవు, రెండు, ఒకటి వస్తాయి. ఆర్మ్ వెనుక అట్టముక్క అంటించి ప్రతి క్లిక్కు దగ్గరా గీత పెట్టండి. స్టీరింగు కాలమ్ అడుగున ఉన్న ఆర్మ్ దగ్గర కూడా లివరు ఒక్కో మెట్టులో కూర్చున్నప్పుడు అలాగే గీతలు పెట్టి, స్కూలు పిల్లల ప్రొట్రాక్టరుతో రెండు చోట్లా పార్కు నుంచి డ్రైవు వరకు ఎన్ని డిగ్రీలో కొలవండి.

ఉదాహరణకు కాలమ్ వైపు 36 డిగ్రీలు, బాక్సు వైపు 45 డిగ్రీలు వచ్చాయనుకుందాం. రెండు ఆర్మ్‌లూ 75 మిల్లీమీటర్ల పొడవున్నవే అనుకుందాం. న్యూట్రల్ దగ్గర కలిపి బిగిస్తే, లివరు పార్కుకు చేరేసరికి బాక్సు 30 డిగ్రీలు తిరగవలసిన చోట 24 మాత్రమే తిరుగుతుంది. రివర్సు నుంచి పార్కుకు ఉన్న 15 డిగ్రీల దూరంలో 6 డిగ్రీల కొరత అంటే, గాడికీ గాడికీ మధ్య దాదాపు సగంలో వేలాడుతున్నట్టే. డ్రైవు దగ్గర కొరత 3 డిగ్రీలే కనుక బండి కదులుతుంది, కానీ జారుతుంది. లో దగ్గర బాక్సు తన రెండో స్థానానికి మళ్లీ 6 డిగ్రీల తక్కువలో ఆగుతుంది కనుక తేడా తెలియదు. మీ ఉత్తరం చదివినప్పుడు మాకు కనిపించిన బొమ్మ ఇదే.

దీనికి మందు ఆర్మ్ పొడవులో ఉంది. కాలమ్ ఆర్మ్ పొడవును దాని డిగ్రీలతో గుణిస్తే వచ్చేది, బాక్సు ఆర్మ్ పొడవును దాని డిగ్రీలతో గుణిస్తే వచ్చేదానికి సమానం కావాలి. 75ను 36తో గుణిస్తే 2700. దాన్ని 45తో భాగిస్తే 60. అంటే బాక్సు ఆర్మ్‌లో సెలెక్టర్ షాఫ్టు మధ్య నుంచి 60 మిల్లీమీటర్ల దగ్గర కొత్త రంధ్రం వేయాలి. నల్లగొండలోనైనా మీ ఊళ్లోనైనా లేత్ షాపులో నిమిషాల పని ఇది. రంధ్రం ఒక్కటే వేయకుండా 57, 60, 63 దగ్గర మూడు వేయించుకుంటే కొలతలో వచ్చే చిన్న తేడాలు సర్దుకుంటాయి. లివరు మధ్యలో ఉన్నప్పుడు రాడ్డు రెండు ఆర్మ్‌లకూ లంబంగా ఉండేటట్టు చూడండి, లేకపోతే ఈ లెక్క ఒక వైపు సరిపోయి రెండో వైపు తప్పుతుంది. లివరు తిప్పితే బాక్సు ఉల్టా తిరుగుతుంటే కంగారు పడవద్దు. సెలెక్టర్ షాఫ్టుకు రెండు పక్కలా చదును ఉంటుంది కనుక ఆర్మ్‌ను తలకిందులుగా బిగిస్తే దిశ మారుతుంది. అరిగిన బుష్షులు, పగిలిన ఇంజను మౌంటింగులు ఉంటే ముందే మార్చండి. ఇంజను ఒరిగినప్పుడల్లా రాడ్డును లాగే బండికి ఏ కొలతా నిలవదు.

బిగించేటప్పుడు బాక్సును డ్రైవు క్లిక్కులో ఉంచి, లివరును డ్రైవు మెట్టులో ఆనించి, రాడ్డు చివరనున్న స్వివెల్ (రాడ్డు పొడవు సర్దే తిరిగే ముక్క) బిగించండి. తర్వాత అసలు పరీక్ష: లివరును ఒక్కో స్థానంలో పెట్టి, రాడ్డు పిన్ను తీసి మళ్లీ పెట్టండి. ప్రతి చోటా పిన్ను వేలితో వచ్చి వేలితోనే పోవాలి; సుత్తి అడిగిందంటే ఆ స్థానంలో లివరు ఒక మాట, బాక్సు ఇంకో మాట చెబుతున్నట్టే. పార్కు, రివర్సు, డ్రైవు ఈ మూడింటిలో రాజీ పడకూడదు. ఈ లెక్కతో లివరు లో మెట్టులో ఉంటే బాక్సు రెండో స్థానంలో ఉంటుంది; ఒకటో స్థానం అందాలంటే మెట్ల ప్లేటులో లో దగ్గరి అంచును కొద్దికొద్దిగా ఆకురాయితో అరగదీయాలి. డ్రైవు అంచును మాత్రం ముట్టుకోకండి. నిజానికి ఒకటో స్థానం అందకపోయినా పెద్ద నష్టం లేదని మా అభిప్రాయం, ఎందుకంటే డ్రైవులో బయలుదేరితే బాక్సు దానంతట అదే మొదటి గేరు నుంచి ఎక్కుతుంది. రెండో స్థానం మాత్రం తప్పక అందాలి: శ్రీశైలం వెళ్లేటప్పుడు ఈగలపెంట దాటి పాతాళగంగ వైపు దిగే ఘాటులో బ్రేకులను కాపాడేది అదే.

స్టార్టరు స్విచ్చును మరిచిపోవద్దు. లివరు పార్కులోనో న్యూట్రల్‌లోనో ఉంటేనే ఇంజను స్టార్టవ్వాలి, కానీ ఆ స్విచ్చు చూసేది కాలమ్‌నే గానీ బాక్సును కాదు. లింకేజీ అయ్యాక బ్రేకు తొక్కి పట్టుకుని, ప్రతి స్థానంలోనూ తాళం తిప్పి చూడండి.

ప్రశ్న: మా దగ్గర 1953 షెవర్లె ఉంది, స్టీరింగు కుడి పక్కన, మూడు గేర్ల మాన్యువల్ లివరు స్టీరింగు మీద. ఆటోమేటిక్ బాక్సు వేస్తే అదే లివరు వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

జవాబు: వాడుకోవచ్చు కానీ మిర్యాలగూడ పాఠకుని పని కంటే ఇది చాలా పెద్దది. మీ కాలమ్ అడుగున రెండు ఆర్మ్‌లు ఉంటాయి, ఒకటి మొదటి గేరుకూ రివర్సుకూ, రెండోది రెండు, మూడు గేర్లకూ; ఆటోమేటిక్‌కు కావలసింది ఒక్క ఆర్మే. రెండోదాన్ని తీసేసి, లివరు దగ్గర ఆటోమేటిక్ మెట్ల ప్లేటు కొత్తగా చేయించాలి. ఆ ప్లేటు లేకుండా వదిలేస్తే నడుస్తున్న బండిలో చెయ్యి తగిలి రివర్సు పడవచ్చు. రెండో చిక్కు, షెవర్లె ఆటోమేటిక్ బాక్సులకు సెలెక్టర్ షాఫ్టు ఎడమ పక్కన ఉంటుంది, మీ కాలమ్ కుడి పక్కన. అందువల్ల ఛాసిస్‌కు అడ్డంగా బుష్షుల్లో తిరిగే ఒక షాఫ్టు వేసి, దాని రెండు చివర్లా ఆర్మ్‌లు పెట్టాలి. పైన చెప్పిన గుణకారం అప్పుడు రెండుసార్లు చేయాలి. అడ్డ షాఫ్టును బాక్సుకు కాకుండా ఛాసిస్‌కే బిగించండి, సైలెన్సర్ పైపుకు దూరంగా ఉంచండి. దీనికి బదులు కేబులు వేసుకోవచ్చు, పని తేలిక; అయితే వంపులు తక్కువగా ఉండాలి, తొడుగు రెండు చివర్లా కదలకుండా క్లాంపు పడాలి.

జనరల్ మోటార్స్ బొంబాయి కర్మాగారం 1954లో మూతపడింది. మీ బండి అక్కడ బిగించినదే అయితే, పాత లివరు సామానంతా పారేయకుండా సంచిలో కట్టి దాచండి. కాలమ్‌ను కోయకుండా, వెల్డింగు పెట్టకుండా పని చేయమని మెకానిక్కుకు ముందే చెప్పండి.