కోనసీమ ఉక్కలో టరాంటులాని పెంచి, పిల్లల్ని తీయించవచ్చా?

అమలాపురంలో మీ తమ్ముడి దగ్గర ఆడ మెక్సికన్ రెడ్ నీ (మోకాళ్లు ఎర్రగా ఉండే టరాంటులా, అంటే పెద్ద నూగు సాలీడు) ఉందని, మగదాన్ని తెచ్చి జతకట్టించి పిల్లల్ని అమ్మితే ఎలా ఉంటుందని, అసలు మన ఉక్కకి బతుకుతాయా అని అడిగారు. మాది రాజోలు దగ్గరండి. ఏడేళ్లుగా పెంచుతున్నాను, ఒకసారి పిల్లల్ని కూడా తీయించాను.

ఉక్కతో పెద్ద భయం లేదు. మన దగ్గర వీటిని చంపేవి చెమ్మ, పురుగుమందు. రెడ్ నీ మెక్సికో పసిఫిక్ తీరం వైపు బొరియల్లో బతికేది, దానికి గాలి ఆడాలి. పీచు మిల్లులో కొబ్బరి పొట్టు ఊరికే ఇస్తున్నారని మొదట్లో తడిపొట్టే నింపేశాను. శ్రావణం వచ్చేసరికి డబ్బా నిండా బూజు, తెల్లటి సన్న పురుగులు. ఇప్పుడు ఉప్పు పోయేదాకా కడిగి, ఎండబెట్టి పోస్తున్నాను. ఓ మూల నీళ్లకి సీసా మూత, పక్కలకి చిల్లులు. డబ్బా ఎత్తు తక్కువ ఉండాలి. గోడ ఎక్కి జారిపడితే పొట్ట పగిలిపోతుంది.

నాకు గట్టి దెబ్బ మాత్రం మిడత వల్ల తగిలింది. చేను గట్టు మీద పట్టిన మిడతని వేశాను. ముందురోజే ఆ చేలో దోమపోటుకి మందు కొట్టారని తర్వాత తెలిసింది. మర్నాటికి సాలీడు కాళ్లు వణకడం మొదలైంది, మూడో రోజుకి పోయింది. అప్పటి నుంచి కీచురాళ్లని నేనే బకెట్లో పెంచుకుంటున్నాను. ఆ గదిలో దోమల బత్తి వెలిగించను, దోమతెరే.

ఇంకోటి. ఓ రోజు మా అమ్మ "ఒరేయ్, నీ సాలీడు చచ్చిందిరా" అంటూ చేట పట్టుకొచ్చింది. వెళ్లి చూస్తే వెల్లకిలా పడుకుని కుబుసం విడుస్తోంది! ఆ టైంలో ముట్టుకోకూడదు. డబ్బాలో కీచురాయి మిగిలి ఉంటే తీసేయాలి, మెత్తటి ఒంటిని అదే కొరికేస్తుంది. మామూలప్పుడు కూడా చేతిలోకి తీసుకోవద్దు. పొట్ట మీది నూగు దూలగొండి లాంటిది, కంట్లో పడితే మరీ కష్టం.

జతకట్టించడం పెద్ద పని కాదు. మగదానికి ముందుకాళ్ల కింద కొక్కేలు వచ్చాయంటే ఎదిగినట్టే, ఆ తర్వాత ఎక్కువ కాలం బతకదు. ఆడది ఇరవై ఏళ్లు దాటినా ఉంటుంది. అది కుబుసం విడిచి, గట్టిపడి, బాగా తిన్నాకే మగదాన్ని వదలాలి. గుడ్లు పెట్టకముందే మళ్లీ కుబుసం విడిస్తే లోపల దాచుకున్న వీర్యం కూడా పాత చర్మంతో పోతుంది. మగదాన్ని తినేస్తుందేమోనని నేను పొడుగు స్కేలు పట్టుకుని కాపలా కూర్చున్నాను.

కష్టమంతా ఆ తర్వాతే. గుడ్ల సంచిలో వందల్లో ఉంటాయి. నాది సగం బూజు పట్టి పోగా అరవై పైచిలుకు మిగిలాయి. కలిపి ఉంచితే ఒకదాన్నొకటి తింటాయి కాబట్టి టిఫిన్ హోటల్లో చట్నీ పార్సిల్ ఇచ్చే కప్పుల్లో ఒక్కోదాన్ని విడిగా పెట్టాను. సాయంత్రాలు పట్టకారుతో ఒక్కో కప్పులో కీచురాయి కాలు ముక్క వేస్తూ కూర్చోవడమే. ఏడాది గడిచినా గోరంతే పెరిగాయి. నమ్మకమైన చేతుల్లో పెట్టడానికి ఇంకా టైం పట్టింది. డబ్బు కోసమైతే మాత్రం వద్దనే చెబుతాను. మిగిలినవాటిని తోటలో వదిలేద్దామని అసలు అనుకోవద్దు.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటీస్ ఒప్పందంలో రెడ్ నీ రెండో అనుబంధంలో ఉంది. 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించారు, అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఇలాంటి జీవి ఇంట్లో ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, పిల్లలు పుడితే ఆ సంగతీ తెలపాలి. నేను తీయించినప్పుడు ఈ రూల్ లేదు.

ఎవరైనా నీలం రంగు గుత్తి సాలీడు (అదీ టరాంటులాయే) ఇస్తామంటే దండం పెట్టి వచ్చేయండి. గుత్తిలో దొరికితే 1899లో శాస్త్రవేత్తలు పేరు పెట్టిన జీవి అది, ఇప్పుడు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో పెద్ద చెట్ల తొర్రల్లో కొద్దిగా మిగిలింది.

మీ తమ్ముడి సాలీడు చివరిసారి కుబుసం ఎప్పుడు విడిచిందో, కొన్నప్పుడు కాగితాలు ఇచ్చారో లేదో రాయండి. మగదాన్ని వెతకడం ఆ తర్వాత చూద్దాం.