కాకటూ కోసం సిప్ ఆపొచ్చా?

ప్రశ్న: మాది విజయవాడ. నా వయసు 41. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, మావారు ఒక కంపెనీలో సూపర్‌వైజర్. ఇద్దరికీ కలిపి నెలకు 92,000 చేతికొస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 31,000, ఇంటి ఖర్చులు 45,000, బాబు చదువు కోసం సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే మదుపు) 8,000. బ్యాంకులో 80,000 ఉన్నాయి. బాబు ఎనిమిదో తరగతి. తెల్ల కాకటూ (తల మీద కుచ్చు ఉండే పెద్ద చిలుక) కావాలని ఏడాదిగా ఒకటే పోరు. రెండు నెలల అంబ్రెల్లా కాకటూ పిల్లను 1,50,000కు ఇస్తామంటే 10,000 అడ్వాన్స్ ఇచ్చాం. మిగతా డబ్బుకి, పంజరానికి కలిపి 1,50,000 పర్సనల్ లోన్ మూడేళ్లకు 15 శాతం వడ్డీతో వస్తుంది. సిప్ ఆపి ఆ ఈఎంఐ కట్టొచ్చా? తిండికి, శిక్షణకు నెలకు ఎంతవుతుంది? ఇంకో 25,000 ఇస్తే మాటలు నేర్పి ఇస్తామంటున్నారు. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు ఆస్తమా.

జవాబు: వద్దండి. లోన్ తీసుకోవద్దు, సిప్ ఆపవద్దు. మీ ఇంటి పరిస్థితికి ఈ పక్షి కూడా వద్దనే నా సలహా. బాబుకి ఈ మాట చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి, లెక్క మొత్తం మీ ముందు పెడతాను. మీరూ మీవారూ బాబుని కూర్చోబెట్టుకుని చదవండి. ఎనిమిదో తరగతి పిల్లాడికి ఈ లెక్క అర్థమవుతుంది.

ముందు లోన్. 1,50,000కి 15 శాతం వడ్డీతో మూడేళ్లంటే నెలకు సుమారు 5,200 ఈఎంఐ. మొత్తం కట్టేది 1,87,200. అంటే 37,200 వడ్డీకే పోతుంది. ప్రస్తుతం మీకు నెలాఖరున మిగిలేది 8,000. ఆ ఈఎంఐ పోగా 2,800 మిగులుతుంది, పక్షి పోషణకు అది చాలదు. అందుకే సిప్ ఆపాలన్న ఆలోచన వచ్చింది మీకు. మూడేళ్లు ఆపితే బాబు చదువు ఖాతాలో పడాల్సిన 2,88,000 అసలే పడదు, దాని మీద వచ్చే పెరుగుదల వేరే సంగతి. మూడేళ్లయ్యేసరికి వాడు ఇంటర్‌లో ఉంటాడు. డబ్బు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే.

ఇక నెలవారీ ఖర్చు. నా అంచనా ఇది: పెల్లెట్లు (పక్షుల కోసం తయారుచేసి అమ్మే గుళికల మేత), కూరగాయలు, పండ్లకు 2,500. కొరకడానికి చెక్క బొమ్మలు, తాళ్లు వగైరాకు 1,500. డాక్టరు ఖర్చు కోసం పక్కన పెట్టేది 1,500. ఎండాకాలం కరెంటు, శుభ్రత సామాను కలిపి 1,000. మొత్తం 6,500. బొమ్మలకు అంతెందుకని అనిపించవచ్చు. కాకటూ ముక్కు చెక్కను పిప్పి చేయడానికే పుట్టింది. కొరకడానికి ఏమీ దొరకకపోతే తలుపు చట్రాలు, సోఫా, వైర్లు కొరుకుతుంది. అదీ లేకపోతే తన ఈకలు తానే పీక్కుంటుంది. ఆ అలవాటు ఒకసారి పట్టిందంటే మాన్పించడం డాక్టర్లకే కష్టం.

నెలకు 6,500 అంటే ఏడాదికి 78,000. బాగా చూసుకుంటే అంబ్రెల్లా కాకటూ నలభై, యాభై, ఒక్కోసారి అరవై ఏళ్లు కూడా బతుకుతుంది. షికాగో దగ్గర బ్రూక్‌ఫీల్డ్ జూలో కుకీ అనే కాకటూ ఉండేది. వేరే జాతిదే అనుకోండి, 1934లో వచ్చి, 83 ఏళ్ల వయసులో 2016లో చనిపోయింది. మనం యాభై ఏళ్లే వేసుకున్నా, ఈనాటి ధరల్లోనే 39 లక్షలు. అమ్మేవాళ్లు చెప్పే 1,50,000 ఈ ఖర్చులో చాలా చిన్న ముక్క.

తిండి గురించి అడిగారు కాబట్టి వివరంగా చెప్తాను. ఇక్కడే చాలామంది డబ్బు ఆదా అవుతుందనుకుని నష్టపోతున్నారు. పొద్దుతిరుగుడు గింజలు చవక, పక్షి ఇష్టంగా తింటుంది. కానీ రోజూ అవే పెడితే కొవ్వు పేరుకుని కాలేయం దెబ్బతింటుంది, విటమిన్ ఏ లోపిస్తుంది. తిండిలో సగానికి పైగా పెల్లెట్లే ఉండాలి. మిగతాది మన వంటింట్లోంచే ఇవ్వచ్చు: క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, మునగాకు, బీన్స్, క్యాప్సికమ్, లేత మొక్కజొన్న, ఉడికించిన శనగలు కొద్దిగా. పండు రోజుకు ఒకటి రెండు ముక్కలు చాలు. అవకాడో, చాక్లెట్, కాఫీ, టీ, ఉల్లి, ఉప్పు వేసిన జంతికలు, చిప్స్ దగ్గరికి కూడా రానివ్వకూడదు. వేరుశనగలకు బూజు పట్టి ఉంటే అందులోని విషం పక్షికి ప్రమాదం. ఇంకో ముఖ్యమైన సంగతి, నాన్‌స్టిక్ పెనం బాగా వేడెక్కితే వచ్చే పొగకు పంజరంలోని పక్షి నిమిషాల్లో చనిపోగలదు. పక్షి ఉన్న ఇంట్లో ఇనుప పెనం, స్టీలు గిన్నెలే వాడాలి.

మీకు ఇస్తామన్నది రెండు నెలల పిల్ల. అది ఇంకా సొంతంగా తినలేదు. దానికి పిల్ల పక్షుల మేత పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి సిరంజితో పట్టాలి. వేడి ఎక్కువైతే మెడ కింది తిండి సంచి కాలిపోతుంది, చల్లారితే అరగదు, చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 'మీరే తినిపిస్తే మీకు బాగా మాలిమి అవుతుంది' అని అమ్మేవాళ్లు చెప్పే మాట నమ్మకండి. సొంతంగా తినడం నేర్చుకున్న పక్షి కూడా అంతే మాలిమి అవుతుంది. అలవాటు లేని చేతుల్లో ఆ పిల్ల పోతే పోయేది ప్రాణం. లోన్ మాత్రం మూడేళ్లు అలాగే ఉంటుంది.

శిక్షణకు 25,000 ఇవ్వాల్సిన పనే లేదు. అంబ్రెల్లా కాకటూలు మాటల్లో అంత చురుకైనవి కావు, ఆఫ్రికన్ గ్రే చిలుకల్లా మాట్లాడతాయని ఆశించకూడదు. పైగా ఎక్కడో నేర్పిన అలవాటు మీ ఇంట్లో నిలవాలంటే మీరే రోజూ చేయించాలి. ఇంట్లో చేసే శిక్షణకు కావాల్సింది ఒక పుల్ల, నాలుగు గింజలు, పొద్దున ఐదు నిమిషాలు, సాయంత్రం ఐదు నిమిషాలు. పొద్దుతిరుగుడు గింజలు గిన్నెలో వేయకుండా దీనికే దాచాలి. పుల్ల కొసను ముక్కుతో తాకగానే 'గుడ్' అని ఒక గింజ. అది వచ్చాక, పుల్ల చూపిస్తూ చేతి మీదకు ఎక్కించడం. ఆ తర్వాత తూకం మీదకు, ప్రయాణం బుట్టలోకి.

తూకం అలవాటు నిజంగా డబ్బు మిగుల్చుతుంది. పక్షులు జబ్బును ఆఖరిదాకా బయటపడనివ్వవు. పైకి బాగానే కనిపిస్తూ బరువు తగ్గుతుంటాయి. రోజూ పొద్దున తిండికి ముందు వంటింటి డిజిటల్ కాటా మీద నిలబెట్టి గ్రాములు రాసుకుంటే, తగ్గుదల మొదట్లోనే దొరుకుతుంది. అప్పుడు చూపిస్తే చిన్న వైద్యంతో పోయేది, ఈకలు ఉబ్బించుకుని మూలన కూర్చున్నాక చూపిస్తే వేలల్లో అవుతుంది. మీ ఊళ్లో కుక్కల డాక్టర్లు చాలామంది ఉంటారు. పక్షులను చూసేవాళ్లు ఉన్నారో లేదో విడిగా కనుక్కోవాలి. లేకపోతే హైదరాబాద్ రానుపోను ఖర్చు, పోయే జీతం కూడా లెక్కలోకే వస్తాయి.

అరుపు సంగతి కూడా వినండి. పొద్దున, సాయంత్రం కాకటూ అరుస్తుంది, అది దాని సహజగుణం. ఆ అరుపు వీధి చివరిదాకా వినిపిస్తుంది. అరిచినప్పుడల్లా పరుగెత్తితే, పిలవాలంటే అరవాలని నేర్చుకుంటుంది. మెల్లగా కూసినప్పుడు బదులివ్వాలి. పిల్లగా ఉన్నప్పుడు రోజంతా ఒళ్లో పెట్టుకోవడం కూడా తప్పే. తనంతట తాను ఆడుకోవడం అప్పుడే నేర్పకపోతే, మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్లాక ఆ పక్షికి నరకం, ఇంట్లో ఉన్న అత్తగారికి కూడా.

అత్తగారి ఆరోగ్యం ఒక్కటి చాలు నేను వద్దనడానికి. కాకటూ ఈకల నుంచి తెల్లటి పొడి ఎప్పుడూ రాలుతూ ఉంటుంది. అరల మీద, ఫ్యాను రెక్కల మీద పేరుకుంటుంది. ఆస్తమా ఉన్నవాళ్లకు అది పడదు. ఆవిడ ఒక్కసారి ఆసుపత్రిలో చేరినా మీ 80,000 ఏమవుతాయో ఆలోచించండి. మీ నెల అవసరాలు ఈఎంఐతో కలిపి 76,000. మీ అత్యవసర నిధి నెలకు మించి రాదు. కనీసం మూడు నెలలకు, అంటే 2,28,000 చేరాలి. ఇప్పుడు మిగిలే 8,000లో 6,500తో రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. దాదాపు రెండేళ్లలో అక్కడికి చేరుతారు.

అప్పటికి బాబు పదో తరగతి. ఆ తర్వాత ఇంటర్, మన దగ్గర ఇంటర్ అంటే చాలా ఇళ్లలో హాస్టలే. ఎవరికి మాలిమైందో ఆ మనిషే కనిపించకుండా పోతే కాకటూ తల్లడిల్లిపోతుంది. మీ తర్వాత దాన్ని ఎవరు చూస్తారన్నదీ ఈ రోజే తేల్చుకోవాలి. మన చట్టంలో పక్షి పేరున ఆస్తి రాయలేం. దాన్ని చూసుకునే మనిషి పేరున డబ్బు రాయాలి, ఆ మనిషి ముందే ఒప్పుకోవాలి. రతన్ టాటా తన పెంపుడు కుక్క టీటో ఆలనాపాలనకు వీలునామాలో ఏర్పాటు చేశారని 2024లో పత్రికలు రాశాయి. పది, పదిహేనేళ్లు బతికే కుక్కకే అంత ముందుచూపు అవసరమైతే, మీ బాబు ముసలితనం దాకా బతికే పక్షికి ఇంకెంత కావాలో చూడండి.

బాబుకి పక్షి కావాల్సిందే అంటే, బాగా చిన్న బడ్జీల జంట చూడండి, మన దగ్గర లవ్ బర్డ్స్ అని అమ్మేవి ఎక్కువగా ఇవే. కాకటీల్ అనే చిన్న చిలుక కూడా మాలిమి అవుతుంది గానీ దానికీ ఆ పొడి ఉంటుంది. ఏది తెచ్చినా ముందు అత్తగారి డాక్టరు గారిని అడగండి. రామచిలుకను మాత్రం తేవద్దు. దాన్ని ఇంట్లో పెంచడం వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం.

ఇక మీ 10,000 అడ్వాన్స్. కాకటూలు అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఉన్న జాతులు. 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం వాటిని కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. ఆ పక్షి నమోదు పత్రం, తల్లిదండ్రుల పక్షుల వివరాలు, అమ్మకం బిల్లు కావాలని వాట్సాప్‌లోనైనా రాతపూర్వకంగా అడగండి. అవి చూపించలేకపోతే ఆ కారణంతోనే డబ్బు వెనక్కి అడగండి. అన్నీ చూపించినా, సొంతంగా తినని పిల్లను తీసుకోలేమని చెప్పి అడగండి. సగమే ఇస్తామంటే సగమే తీసుకోండి. అసలు ఇవ్వనన్నా సరే, పోయిన 10,000 కోసం 1,87,200 అప్పులోకి దిగకండి.