తేనె పెట్టె ముందు చచ్చిన ఈగలు లేవు, అయినా గుంపు ఎందుకు తగ్గుతోంది?

మీ తేనె పెట్టెలు నల్లగొండ పత్తి చేల పక్కనే ఉన్నాయంటున్నారు కాబట్టి ముందు పురుగుమందునే అనుమానించండి. రసం పీల్చే పురుగులకు కొట్టే ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ మొక్కలోకి ఇంకి మకరందంలోకి, పుప్పొడిలోకి చేరతాయి. మోతాదు తక్కువైతే ఈగ అక్కడికక్కడే చావదు. దారి తప్పి, తిరిగి రాలేక చేలల్లోనే రాలిపోతుంది. తెచ్చిన పుప్పొడేమో పిల్లపురుగుల మేతలో కలుస్తుంది.

ఇంకా మొండిది మైనం. కొవ్వులో కరిగే ఇతర మందులను అది ఏళ్ల తరబడి పట్టి ఉంచుతుంది, పిల్లలు పెరిగేది ఆ గదుల్లోనే. నల్లబడ్డ పాత పట్లను రెండు మూడేళ్లకోసారి తీసేయండి. పక్క రైతుతో మాట్లాడి పొద్దుగూకాక కొట్టమనండి (మొక్కలోకి ఇంకే మందులకు ఇదొక్కటే చాలదు). దగ్గర్లో బత్తాయి తోటలుంటే, అవి పూత మీదున్నప్పుడు మాత్రం అసలు కొట్టొద్దని బతిమాలైనా ఒప్పించండి.