సిల్వర్ నైట్రేట్ తెల్లబడిందేంటి అన్నదానికి

తమ్ముడూ, నైట్రేట్లన్నీ నీటిలో కరుగుతాయన్న రూల్ తప్పు కాదు. కూకట్‌పల్లిలో మీ కాలేజీ ల్యాబ్‌లో బోరు నీళ్లు పోయగానే సిల్వర్ నైట్రేట్ పాలలా తెల్లబడిందన్నావు కదా, అది కరగని నైట్రేట్ కాదు. నైట్రేట్ కరిగిపోయింది, విడివడిన సిల్వర్ అయాన్లు (విద్యుదావేశం ఉన్న సిల్వర్ కణాలు) బోరు నీటిలోని క్లోరైడ్‌తో కలిసి సిల్వర్ క్లోరైడ్ అయ్యాయి. సిల్వర్ క్లోరైడ్ 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 2 మిల్లీగ్రాములు కరిగితే గొప్ప, అందుకే వెంటనే అవక్షేపం, అంటే కరగని తెల్లటి పదార్థం, వచ్చేస్తుంది.

మన బోరు నీళ్లలో బైకార్బనేట్ కూడా ఉంటుంది కాబట్టి కొంత సిల్వర్ కార్బనేట్ కూడా ఏర్పడి ఉండొచ్చు. తేల్చుకోవాలంటే, సార్ పక్కన ఉండగా, సజల (నీళ్లు కలిపి పలచన చేసిన) నైట్రిక్ ఆమ్లం కొన్ని చుక్కలు వెయ్యి. కార్బనేట్ అయితే కరిగిపోతుంది, క్లోరైడ్ కదలదు. కాసేపు ఎండ తగిలితే ఆ సిల్వర్ క్లోరైడ్ బూడిద-ఊదా రంగుకి మారడం కూడా చూడొచ్చు, భలే ఉంటుంది. సిల్వర్ నైట్రేట్‌ని చేతికి మాత్రం అంటనివ్వకు, నల్ల మచ్చలు పడతాయి. టెన్షన్ పడకుండా ఈసారి డిస్టిల్డ్ వాటర్‌తో చెయ్యి.